శాలువాలు మడతపెట్టాక: రిటైరైన ఇంట్లో నిమ్మళం కుదిరే తీరు

నల్లగొండ, పాలమూరు దిక్కు మనిషి ఎదురైతే "నిమ్మళమేనా?" అని పలకరిస్తారు. ఒంట్లో బాగుందా, ఇంట్లో బాగుందా, మనసులో రందేం లేదు కదా అన్న మూడు ప్రశ్నలూ ఆ ఒక్క మాటలోనే ఉంటాయి. రిటైరైన మనిషిని మాత్రం ఎవరూ అడగరు. "ఇగ నీకేంది, నిమ్మళం!" అని వాళ్లే తేల్చేస్తారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు. అప్పటికి ఆయన చేతికి వచ్చింది తీరిక ఒక్కటే. తీరిక రిలీవింగ్ ఆర్డర్‌తో పాటు ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. నిమ్మళం కుదరాలంటే నెలలు పడుతుంది, అదీ రోజును ఒక తీరున పేర్చుకుంటేనే.

తెలంగాణలో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 2021లో 58 నుంచి 61కి పెరిగింది. దాంతో దాదాపు మూడేళ్లు వయసు నిండి దిగిపోయేవాళ్లు లేకుండా పోయారు. 2024 మార్చి నెలాఖరు నుంచి విరమణలు మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడు ఇళ్లకు చేరుతున్నవాళ్లంతా అరవై దాటినవాళ్లు. ముప్పై, ముప్పై ఐదేళ్లు హాజరుపట్టీకీ గంటకూ డ్యూటీ చార్టుకూ అలవాటుపడ్డ ఒళ్లు వాళ్లవి. 58కే దిగిపోయిన పాత తరంలో కొందరు ప్రైవేటు కాలేజీలోనో కంపెనీలోనో ఇంకో నాలుగేళ్లు పనిచేసేవారు. 61 తర్వాత ఆ ఓపిక ఉన్నవాళ్లు తక్కువ. అందుకే ఇంటిపట్టున రోజు ఎట్లా గడపాలన్న ప్రశ్న ఈ తరానికి నేరుగా ఎదురవుతోంది.

రాబర్ట్ ఆచ్లీ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే రిటైర్‌మెంట్‌ను దశలుగా విడదీసి చూపాడు. మొదట కొత్త పెళ్లి సంబరం లాంటి రోజులు, ఆ తర్వాత ఉసూరుమనిపించే రోజులు, ఆపైన దారి మార్చుకుని కుదురుకునే రోజులు. అందరూ ఇదే వరుసలో నడవాలనేం లేదు గానీ మన దగ్గర మొదటి రెండు దశలు చాలా ఇళ్లలో కళ్లకు కడతాయి. తొలి మూడు నెలలు సన్మానాలు, యాదగిరిగుట్ట మొక్కు, తిరుపతి, ఇంటికి రంగులు, ఇన్నాళ్లూ సెలవు దొరక్క వెళ్లలేని పెళ్లిళ్లు. నాలుగో నెలకు ఫోన్లు తగ్గుతాయి. పొద్దున తొమ్మిదిన్నరకు స్కూలు ఆటోలు, ఆఫీసు బండ్లు పోయాక వీధి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. ఆ ఖాళీకి భయపడి కొందరు ప్లాట్ల బేరాల్లోనో చిట్టీల్లోనో దిగుతారు, కాలనీ సంఘానికి అధ్యక్షులవుతారు. కొందరు టీవీ ముందు కూలబడతారు. చూడటానికి ఒకటి మరీ ఎక్కువ పని, ఇంకొకటి మరీ తక్కువ పని. రెండింటిలోనూ లోపం ఒకటే: రోజుకు ఆకారం లేదు. చేతికొచ్చిన గ్రాట్యుటీ కూడా ఈ నెలల్లోనే ఎక్కువగా కరుగుతుంది. కాబట్టి ఏడాది తిరిగేదాకా పెద్ద మొత్తం ఎవరికీ ఇవ్వనని ఇంట్లో ముందే చెప్పిపెట్టుకోవడం మంచిది.

మూడు రాళ్లు పెడితే పొయ్యి

ఆకారం అంటే గంటగంటకు టైంటేబుల్ అనుకోనక్కర్లేదు. ముప్పై ఏళ్లు టైంటేబుల్‌లో బతికిన టీచరుకు మళ్లీ అదే ఇస్తే వారంలో విసుగొస్తుంది. మూడు రాళ్లు పెడితే పొయ్యి అయినట్టు, రోజుకు మూడు వేళలు కదలకుండా ఉంటే చాలు: లేచే వేళ, మధ్యాహ్నం అన్నం వేళ, పడుకునే వేళ. మధ్యలో ఏం జరిగినా ఫరవాలేదు.

లేచే వేళ సర్వీసులో ఉన్నప్పటికంటే అరగంటకు మించి జరగకూడదు. ఒంటి గడియారాన్ని సరిచేసేది పొద్దుటి వెలుతురు. ఎనిమిది దాకా తలుపులు మూసుకుని పడుకుంటే ఆ రాత్రి నిద్ర కూడా వెనక్కి జరుగుతుంది. ఆర్టీసీలో డ్రైవరుగా, కండక్టరుగా నైటౌట్లు చేసి వచ్చినవాళ్లకు ఇది మరీ కష్టం. సగం జీవితం వేళాపాళా లేని నిద్ర వాళ్లది. లేచిన అరగంటలో వాకిట్లోనో డాబా మీదనో ఇరవై నిమిషాలు వెలుతురులో ఉండటాన్ని వాళ్లు మందులా పాటించాలి.

అన్నం వేళ దగ్గర జరిగే తప్పు ఎవరూ పట్టించుకోరు. ఉద్యోగంలో ఒంటిగంటకు తినేవాళ్లు ఇంట్లో రెండున్నర చేస్తారు. కడుపు నిండా తిని మూడింటికి ఒరిగితే లేచేసరికి ఐదు. రాత్రి ఒంటిగంటకు కళ్లు తెరుచుకుని ఇంటికప్పును చూడటం అక్కడ మొదలవుతుంది. నెల తిరక్కుండానే నిద్రమాత్ర గురించి అడుగుతారు. పన్నెండున్నర, ఒంటిగంట మధ్య తిని, ఇరవై నుంచి ముప్పై నిమిషాలు నడుము వాల్చి, మూడులోపు లేస్తే చాలామందికి మాత్ర అవసరం పడదు. చాయ్ సంగతీ ఇంతే. అందులోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. ఇంట్లో ఉన్నకొద్దీ కప్పుల లెక్క పెరుగుతుంది కాబట్టి సాయంత్రం నాలుగు తర్వాత చాయ్ మానేయాలి. అంతకు ముందు తాగేవి సగం గ్లాసులు చేసుకోవచ్చు.

టీవీ చర్చలు, వాట్సాప్ గ్రూపుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పొద్దున పేపరు పూర్తిగా చదివి, సాయంత్రం ఒక్క బులెటిన్ చూస్తే లోకంలో జరిగేది ఏదీ తప్పిపోదు. రాత్రి ఫోన్ చార్జింగ్ పడకగదిలో కాకుండా హాల్లో పెడితే సగం గొడవ తీరుతుంది.

రోజుకు ఒక్క బయటి పని

నెమ్మది అనగానే అడుగు మెల్లగా వేయడం అనుకుంటారు. మనిషిని తినేసే తొందర పనిలో ఉండదు, పనికీ పనికీ మధ్య సందులో ఉంటుంది. పొద్దున పదింటికి బ్యాంకు, పదకొండుకు కరెంటు ఆఫీసు, పన్నెండుకు షుగరు పరీక్ష అని చీటీ రాసుకుని బయల్దేరిన మనిషిని చూడండి. బ్యాంకులో సర్వర్ లేదంటారు. పదిన్నర అవుతుంది. కౌంటరు ముందు నిలబడ్డా మనసు కరెంటు ఆఫీసులో ఉంటుంది. పరీక్షకు పరగడుపున రావాలి కాబట్టి కడుపులో కాలుతుంటుంది. ఎదుటి క్లర్కు మీద అరుస్తాడు. ఇంటికొచ్చాక బీపీ చూస్తే ఎక్కువ ఉంటుంది. పనులు మూడూ చిన్నవే, మూడింటినీ ఒకే పూటకు కట్టడంతో వచ్చిన చిక్కు ఇది.

ఆ పూటకు మించి తీరిక ఉన్న మనిషికి ఈ కట్టుడు అవసరమే లేదు. రోజుకు ఒక్క బయటి పని. అది పదకొండుకే ముగిస్తే రెండోది నెత్తికెత్తుకోకుండా ఇంటికి రావాలి. పెన్షన్ పడేది నెల మొదట్లో కాబట్టి మొదటి పది రోజులు బ్యాంకు వైపు పోకపోవడం మేలు. పది నుంచి ఇరవై మధ్య కౌంటర్లు ఖాళీగా ఉంటాయి, పాస్‌బుక్ ఎంట్రీ కూడా తీరిగ్గా వేస్తారు.

బతికే ఉన్నామని ఏడాదికోసారి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ విషయంలోనూ ఈ లెక్కే. కేంద్ర పెన్షనర్లకు నవంబరు నెల, ఎనభై దాటినవాళ్లకు అక్టోబరు నుంచే అవకాశం. రాష్ట్ర పెన్షనర్ల గడువు వేరు, ఎస్టీవో (సబ్ ట్రెజరీ) ఆఫీసు నోటీసు చూసుకోవాలి. ఆ సర్టిఫికెట్‌ను వేలిముద్రతో ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ పద్ధతి 2014 నుంచి ఉంది. వేలిముద్రలు పడక వెనక్కి వచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వయసుతో చర్మం పొడిబారుతుంది, చేతిపని చేసినవాళ్లకు గీతలే అరిగిపోతాయి. ఫోన్‌లో ముఖం గుర్తించే పద్ధతి వాడితే ఆ తిప్పలుండవు. పగటి వెలుతురులో, కళ్లద్దాలు తీసి, వెనక ఖాళీ గోడ ఉండేలా నిలబడితే ఒకటి రెండు ప్రయత్నాల్లో పడుతుంది.

ఆమె రిటైరయ్యేది ఎప్పుడు

రిటైర్‌మెంట్ మీద మాట్లాడేవాళ్లు దాటేసే సంగతి ఇది. ఆయన ఇంటికొచ్చిన రోజు నుంచి భార్య పని పెరుగుతుంది. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఇన్నేళ్లూ ఇల్లు ఆమెది. వంట ముగించి చెల్లెతో ఫోన్ మాట్లాడేది, సీరియల్ చూసేది, గంటసేపు పడుకునేది. ఇప్పుడు పదకొండుకు చాయ్, పన్నెండుకు ఆయనను చూడటానికి వచ్చినవాళ్లకు చాయ్, "ఉప్పు డబ్బా ఇక్కడెందుకు పెట్టినవ్" అని వంటింట్లో తనిఖీ. స్కూలు ఇన్‌స్పెక్షన్లు చేసిన ఎంఈవోలు, స్టోర్లు చూసిన మేనేజర్లు ఈ తనిఖీలో మరీ ముదురుతారు. ఆమె కూడా టీచరై, ఇద్దరూ ఒకే ఏడాది దిగిపోతే ఆమె రెండు కొలువుల్లో ఒక్కదాన్నుంచే దిగినట్టు.

ఇక్కడ "సాయం చేస్తా" అన్న మాట పనికిరాదు. సాయం చేసేవాడికి పని చెప్పడం కూడా ఒక పనే. ఒకట్రెండు పనులు మొదలు నుంచి చివర దాకా ఆయన పేరు మీదకు మారాలి. తాగే నీళ్ల పని తీసుకుంటే నల్లా ఎప్పుడొస్తుందో చూసుకోవడం, బిందెలు తోమడం, పట్టడం, మూతలు పెట్టడం, నల్లా రాని రోజుకు ముందే ఒక బిందె దాచడం అంతా ఆయనే చూసుకోవాలి. ఎవరూ గుర్తుచేయకూడదు.

కూరగాయలు తీసుకుంటే ఇంకా జాగ్రత్త కావాలి. రైతుబజారులో మగవాళ్లు సాధారణంగా చేసే తప్పు అగ్గువకు వచ్చిందని ఎక్కువ తేవడం. ఇద్దరున్న ఇంటికి వారానికి కిలోన్నర టమాటా, పావుకిలో పచ్చిమిర్చి, మూడు రకాల కూరగాయలు అరకిలో చొప్పున, నాలుగైదు కట్టల ఆకుకూర సరిపోతాయి. ఐదు కిలోల టమాటా సంచితో దిగితే నాలుగో రోజు కుళ్లినవి ఏరే పని మళ్లీ ఆమె మీదే పడుతుంది. వారానికి రెండుసార్లు, కొద్దికొద్దిగా తేవాలి.

పాత రోజుల్లో మెల్లగా నడిచిన పనులన్నీ ఆడవాళ్ల చేతుల్లోనే ఉండేవి. అవి పంచుకుంటే ఆయనకు కావాల్సిన నెమ్మది అక్కడే దొరుకుతుంది. నాలుగు కట్టల పుంటికూర (గోంగూర) కూర్చుని తెంపితే అరగంట పైనే. ముదురు కాడ వేళ్లకు తెలుస్తుంది, పుచ్చు ఆకు కంటికి తగులుతుంది, గిన్నె మెల్లగా నిండుతుంది. ఎండాకాలం ముందు చింతపండు గింజ తీసి, ఈనెలు లాగి, ఉప్పు కలిపి జాడీకెత్తడం రెండు మూడు మధ్యాహ్నాల పని. టీవీ కట్టేసి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే ఆ మధ్యాహ్నాల్లో ఇన్నేళ్లూ మాట్లాడుకోని విషయాలు బయటికొస్తాయి. పొద్దున పది నుంచి పన్నెండు దాకా మాత్రం ఆయన లైబ్రరీకో స్నేహితుడి ఇంటికో వెళ్లడమే ఇద్దరికీ క్షేమం.

నడక, నల్లగొండ మోకాళ్లు

అరవై ఐదు దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలనీ, వారంలో మూడు రోజులు తూలకుండా నిలబడే కసరత్తులు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పూటకు పది నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు, వారానికి ఐదు రోజులు నడిస్తే లెక్క సరిపోతుంది. పదివేల అడుగులని ఫోన్‌లో లక్ష్యం పెట్టుకుని మోకాళ్లు అరగదీసుకోవద్దు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం చాలు.

ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి దశాబ్దాల కిందటే నమోదై ఉంది. ఇప్పుడు రిటైరవుతున్న తరం చిన్నప్పుడు, ఉద్యోగంలో చేరిన కొత్తలో తాగింది బోరింగు నీళ్లే. కృష్ణా నీళ్లు, ఆ తర్వాత మిషన్ భగీరథ ఇంటి నల్లాలు వచ్చింది చాలా ఆలస్యంగా. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ చేరిన ఎముకల్లో మెడ, నడుము బిగుసుకుపోతాయి. చూడటానికి మామూలు కీళ్లవాతంలాగే ఉంటుంది. మెడ పక్కకు తిప్పడం కష్టమైనా, వంగి నేలను అందుకోలేకపోయినా ముందు ఎముకల డాక్టరుకు చూపించి ఆ తర్వాతే యోగాసనాల జోలికి పోవాలి. బిగుసుకున్న వెన్నును పక్కవాళ్లు నొక్కి వంచడం ప్రమాదం. అటువంటివాళ్లకు కుర్చీ మంచి సాధనం. చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం ఐదుతో మొదలుపెట్టి పదికి పెంచాలి. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడాలి. బాత్‌రూంలో పడి తుంటి విరిగే ముప్పును తగ్గించేది నడక కంటే ఇదే ఎక్కువ.

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా పొద్దున ఏడులోపు ఇంటికి చేరాలి. నల్లగొండలో పానగల్ ఉదయసముద్రం కట్ట, మహబూబ్‌నగర్‌లో పెద్దచెరువు ట్యాంక్‌బండ్ నడకకు అనువైనవి. పానగల్ దాకా వెళ్లినవాళ్లు ఛాయాసోమేశ్వరాలయంలో అరగంట ఊరికే కూర్చోవచ్చు. బయట సూర్యుడు ఎటు జరిగినా గర్భగుడిలో లింగం వెనక నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. పక్కనే ముప్పై ఏళ్లు కొలువు చేసి దాన్ని ఒక్కసారీ తీరిగ్గా చూడని నల్లగొండ వాసులు తక్కువేం కాదు.

కుండీలో తోటకూర

ఊళ్లో భూమి ఉండి బత్తాయి తోట మీద మనసు పడ్డవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. ఇరవై అడుగుల దూరంలో నాటితే ఎకరానికి వంద పైచిలుకు మొక్కలు పడతాయి, చెప్పుకోదగ్గ కాపుకు నాలుగైదేళ్లు ఆగాలి. పూత కోసం కొన్నాళ్లు నీళ్లు ఆపి తోటను బెట్టకు వదలాలి, మళ్లీ తడి ఇవ్వాలి. ఊరికి వారానికోసారి వెళ్లి చేసే సేద్యం కాదిది. అరవై రెండులో మొదలుపెడితే మనిషిని పెట్టుకోకుండా సాగదు.

డాబా మీద నాలుగు కుండీలు చాలామందికి సరిపోతాయి. పన్నెండు అంగుళాల కుండీ తీసుకుని అడుగున రంధ్రాల మీద పెంకుముక్కలు వేయాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుకో కొబ్బరిపొట్టో అరపాలు కలిపి నింపాలి. తోటకూర విత్తనం చాలా సన్నం కాబట్టి పిడికెడు ఇసుకలో కలిపి చల్లి, పైన గోరు మందం మట్టి కప్పితే నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. మూడు, నాలుగు వారాలకు కోతకొస్తుంది. వేళ్లతో పీకకుండా రెండు కణుపులు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది.

రిటైరైనవాళ్ల కుండీల్లో మొక్కలు ఎండి చావవు, కుళ్లి చస్తాయి. తీరిక ఎక్కువై పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పోస్తారు. వేళ్లకు గాలాడక ఆకు పసుపు పడుతుంది. ఎండిందేమోనని ఇంకో చెంబు పోస్తారు. మట్టిలో వేలు రెండో కణుపు దాకా దించి చూడాలి. తడి తగిలితే చెంబు కింద పెట్టేయాలి. చేతులు ముడుచుకుని ఊరుకోవడం ఇంత తేలిగ్గా నేర్పే పని ఇంకొకటి లేదు.

"సల్లగుండు బిడ్డా"

కృతజ్ఞత అనేది పుస్తకాల మాట. ఈ దిక్కు ముసలమ్మ బస్సులో సీటిచ్చిన పిల్లకు ధన్యవాదాలు చెప్పదు, "సల్లగుండు బిడ్డా" అంటుంది. మేలు పొందిన మనిషి తిరిగి దీవెన ఇస్తుంది. అక్కడికక్కడే లెక్క సరి. ఇంకో మాట కూడా వాడుకలో ఉంది: "మీ రుణం తీర్చుకోలేను". ఇది బరువైన మాట. తీర్చలేని అప్పుగా మోసే కృతజ్ఞత మనిషిని తేలిక చేయదు, ఒదిగి ఉండేలా చేస్తుంది. కొడుకు పంపే డబ్బు, కోడలు పెట్టే అన్నం రుణంలా తోచిన పెద్దలు ముభావంగా మారడం అందుకే. రిటైరైనవాళ్లకు పనికొచ్చేది ముసలమ్మ పద్ధతి.

దీని మీద పరిశోధనలూ ఉన్నాయి. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించిన పరిశోధనలో, తమకు జరిగిన మంచిని రాసుకున్నవాళ్లు చికాకులు రాసుకున్నవాళ్లకంటే తమ జీవితం పట్ల మెరుగైన భావనతో కనిపించారు. మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ఒక పద్ధతిని పరీక్షించింది. వారం రోజులు రోజూ రాత్రి మూడు మంచి సంగతులు, అవి ఎందుకు జరిగాయో కూడా రాయాలి. దాని ఫలితం ఆరు నెలల దాకా కనిపించింది. మేలు చేసిన మనిషికి ఉత్తరం రాసి స్వయంగా వెళ్లి చదివి వినిపించినవాళ్లలో సంతోషం ఇంకా బాగా పెరిగింది గానీ నెల దాటాక నిలవలేదు. సోన్యా ల్యూబొమిర్‌స్కీ బృందం చూసింది మరో సంగతి: వారానికి ఒక్కసారి రాసినవాళ్లకు మేలు జరిగింది, మూడుసార్లు రాసినవాళ్లకు పెద్దగా తేడా రాలేదు. ఈ పరీక్షలు మన పల్లెల్లో, మన వయసువాళ్ల మీద చేసినవి కావు. కాబట్టి అంకెలను పట్టుకుని వేలాడనక్కర్లేదు. కానీ చివరి సంగతి మాత్రం అనుభవానికి సరిపోతుంది. రోజూ రాస్తే మూడో వారానికి కాపీ రాతలా అవుతుంది.

పిల్లలమర్రి దగ్గర జరిగింది గుర్తుచేసుకోవచ్చు. మహబూబ్‌నగర్ పక్కనున్న ఆ వందల ఏళ్లనాటి మర్రికి చెదలు పట్టి, కొమ్మ విరిగిపడ్డాక 2018లో వైద్యం మొదలుపెట్టారు. కాండంలో మందు పోస్తే బయటికే కారిపోయింది. అప్పుడు కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. ముదురు చెట్టుకు ఎక్కినది అట్లాగే. మనిషికీ ఒక్కసారే పోసింది కాదు, కొద్దికొద్దిగా ఇచ్చిందే ఎక్కుతుంది.

కాబట్టి మంచి సంగతులు రాసుకునే నోటుబుక్కును ఆదివారానికే పరిమితం చేయడం మంచిది. పది నిమిషాలు, మూడే మూడు సంగతులు. వీటిలో తేలిపోయేది ఒకే చోట: "కుటుంబం, ఆరోగ్యం, దేవుడి దయ" అని రాయడం. అది ఏ వారమైనా రాయొచ్చు, కాబట్టి ఈ వారం చూసిందేమీ అందులో లేదు. మనిషి, రోజు, చేసిన పని మూడూ ఉండాలని నియమం పెట్టుకోవాలి. ఉదాహరణకు: "బుధవారం నల్లా రాలేదు. ఎదురింటి ఆమె అడగకముందే రెండు బిందెలు దింపిపోయింది. తొణక్కుండా మూతి మీద గిన్నె బోర్లించింది." ఆ బోర్లించిన గిన్నెను గమనించడం కోసమే ఈ నోటుబుక్కు. ఏమీ తోచని వారం ఇంకో దారి ఉంది. ఉన్నదాన్ని లేదనుకుని చూడటం. ఆ ఏడు ఆ హెడ్‌మాస్టరు బదిలీ ఆపకపోతే? కండక్టరు ఆ రాత్రి ఊరి దగ్గర బస్సు ఆపకపోతే? అట్లా వెనక్కి తీసి చూస్తే అలవాటైపోయిన మేలు మళ్లీ కంటికి కనబడుతుంది.

రాసింది నోటుబుక్కులోనే ఉంచుకోకూడదు. సంబంధించిన మనిషికి ఒక మాటైనా చేరాలి. ఇంట్లోవాళ్లతో మొదలుపెట్టడం న్యాయం. అయితే ముప్పై ఏళ్లలో మొదటిసారి "కూర బాగుంది" అంటే ఏదో తప్పు చేసి వచ్చాడని అనుమానిస్తారు. నాలుగైదు సార్లకు అలవాటవుతుంది. ఉత్తరం పట్టుకుని ఇళ్లకు వెళ్లడం మనకు కృత్రిమంగా ఉంటుంది గానీ దసరా ఉంది. సాయంత్రం జమ్మి ఆకు బంగారమని చేతిలో పెట్టి, ఆలింగనం చేసుకుని, పెద్దల కాళ్లు మొక్కే ఆచారం ఈ పని కోసమే పుట్టినట్టుంటుంది. రిటైరైనవాళ్లు ఆ రోజు ఇంట్లో కూర్చుని వచ్చేవాళ్ల మొక్కులు అందుకుంటారు. బదులుగా తనకు పని నేర్పిన పాత సీనియరు, ఫైళ్లు మోసిన అటెండరు ఎక్కడున్నారో కనుక్కుని ఆకు పట్టుకుని వెళ్లాలి. అటెండరు ఇంటికి ఆఫీసరు జమ్మి తీసుకెళ్లడం ఆ వాడలో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

ఒక హద్దు గీయాలి. రావాల్సిన బకాయిలు ఆగినవాళ్లకు, పెన్షన్ తక్కువగా లెక్కకట్టినవాళ్లకు "ఉన్నదానితో తృప్తి పడు" అనే సలహా ఇవ్వకూడదు. బకాయి అడగడం హక్కు. అది తృప్తికి అడ్డురాదు. చేయాల్సింది ఆ రెండింటినీ విడదీయడం. దరఖాస్తులు, రశీదులు, ఆర్డరు కాపీలు ఒకే ఫైల్లో పెట్టి, వారంలో ఒక పూట దానికే కేటాయించాలి. అప్పుడు అర్ధరాత్రి ఫ్యాను కింద ఆ లెక్కలే తిరగవు. పెన్షన్‌లో 40 శాతం దాకా కమ్యుటేషన్ కింద ముందే ఒక్క మొత్తంగా తీసుకున్నవాళ్లు, పదిహేనేళ్లకు పూర్తి పెన్షన్ మళ్లీ మొదలయ్యే తేదీని ఆ ఫైలు అట్ట మీదే రాసిపెట్టుకుంటే వారసులకూ తెలుస్తుంది. ఇంట్లోనే అన్యాయం జరుగుతుంటే నోటుబుక్కు పనికిరాదు. పిల్లలు పోషణ మానేసిన తల్లిదండ్రుల కోసం 2007 చట్టం ఉంది, 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఈ మాటలన్నీ నెలనెలా పెన్షన్ పడే ఇంటికి సరిపోయేవి. బొంబాయి, హైదరాబాద్ కట్టడాల్లో పనిచేసి నడుము వంగాక తిరిగొచ్చిన పాలమూరు కూలీకి, కళ్లు మసకబారినా మగ్గం దిగని నారాయణపేట నేతగాడికి రిటైర్‌మెంట్ ఆర్డరు ఉండదు. సర్కారు ఇచ్చే వృద్ధాప్య పింఛన్‌తో ఇల్లు గడవదు. వాళ్లకు నెమ్మది కంటే ముందు కావాల్సింది ఆదాయం. పెన్షనరు పొద్దున పది నుంచి పన్నెండు దాకా తనకున్న ఖాళీలో అటువంటి ఒకరిద్దరికి దరఖాస్తు నింపి, ఆధార్‌లో తప్పు సరిచేయించి, మండలాఫీసుకు తోడు వెళ్లగలడు. ఫైళ్ల మధ్య గడిపిన మనిషికి అది పది నిమిషాల పని, అవతలివాళ్లకు పది తిరుగుళ్లు తప్పుతాయి. "సల్లగుండు సారూ" అనే మాట అక్కడ దొరుకుతుంది.

మూడు వేళలు, ఒక్క బయటి పని, ఎవరి పేరు మీద ఏ ఇంటి పని అనేవి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోవచ్చు. దాన్ని ఏడాదికి రెండుసార్లు, ఉగాదికీ దసరాకూ మార్చాలి. ఎండాకాలపు నడక వేళ చలికాలానికి పనికిరాదు, మార్గశిరం పొద్దున ఐదింటికి చలిలో బయల్దేరితే ఉబ్బసం ఉన్నవాళ్లు ఇబ్బంది పడతారు. మార్చేటప్పుడు పెన్ను ఆమె చేతికి ఇవ్వాలి.